కైకోరా క్రేఫిష్: కొలవడం, వదలడం, వండడం

క్రైస్ట్‌చర్చ్ నుంచి ఉత్తరానికి రెండున్నర గంటలు కారులో వెళ్తే కైకోరా వస్తుంది. మావోరీ భాషలో ‘కై’ అంటే తిండి, ‘కోఉరా’ అంటే క్రేఫిష్. ఊరికి పేరు పెట్టింది ఈ జీవే. న్యూజిలాండ్‌లో ఉంటున్న మన తెలుగువాళ్లలో చాలామంది దాన్ని అక్కడ రోడ్డు పక్కన క్యారవాన్‌లో కొని, రాళ్ల మీద కూర్చుని తిన్నవాళ్లే. కిలో వంద డాలర్లు దాటడం మామూలే కాబట్టి, తిన్నాక “మనమే పట్టుకోలేమా?” అనే మాట తప్పకుండా వస్తుంది. పట్టుకోవచ్చు. ఎలాగో ఇక్కడ రాస్తున్నాను. అయితే పట్టడం కన్నా కొలవడం, వదలడం గురించే ఎక్కువ రాస్తాను. ఇందులో అసలు పని అదే.

దేన్ని పడుతున్నామో ముందు తెలుసుకోండి

ఇక్కడ అందరూ క్రేఫిష్ అనో, ముద్దుగా ‘క్రే’ అనో అంటారు. పుస్తకాల్లో సదరన్ రాక్ లాబ్‌స్టర్, శాస్త్రీయ నామం జాసస్ ఎడ్వర్డ్‌సీ. న్యూజిలాండ్ చుట్టూ, అటు టాస్మేనియా, విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా తీరాల్లో, చల్లటి నీళ్లలో, కెల్ప్ నాచు పెరిగే రాతి దిబ్బల సందుల్లో ఉంటుంది. సినిమాల్లో చూసే లాబ్‌స్టర్‌కు ఉన్నట్టు దీనికి పెద్ద డెక్కలు ఉండవు. ఒళ్లంతా ముళ్లు, ముందు రెండు పొడుగాటి లావుపాటి మీసాలు.

మన విశాఖ తీరం రాళ్లలో దొరికే లాబ్‌స్టర్లు దీనికి దాయాదులే, కానీ జాతి వేరు, వాటిది పాన్యులిరస్. వాటిని పట్టుకుంటే మీసాల మొదళ్లు రుద్దుకుని కిర్రుమని చప్పుడు వస్తుంది. ఈ జాసస్‌కు ఆ అమరిక లేదు, చప్పుడు చేయకుండా తోక మాత్రం టపటపా కొడుతుంది. ఇంకో తేడా వంటింట్లో తెలుస్తుంది. ఇది బతికి ఉన్నప్పుడే ముదురు ఎరుపు. అందుకని ‘ఎర్రబడితే ఉడికినట్టు’ అనే మన రొయ్యల లెక్క దీనికి పనికిరాదు.

ఉత్తర దీవిలో ఆకుపచ్చగా, బాగా పెద్దగా ఉండే ప్యాక్‌హార్స్ అనే మరో రకం కూడా తగలవచ్చు. దాని కొలత వేరు: తోక పొడవు 216 మిల్లీమీటర్లు ఉండాలి. ఇక్కడ నేను చెప్పేదంతా ఎర్రదాని గురించే.

బయల్దేరే ముందు రోజు రాత్రి

న్యూజిలాండ్ సముద్రంలో సరదాగా చేపలు పట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. చుట్టపు చూపుగా వచ్చిన అమ్మానాన్నలకూ అక్కర్లేదు. లైసెన్సు లేదంటే నియమాలు లేవని కాదు. ఫిషరీస్ న్యూజిలాండ్ వాళ్ల ఫోన్ యాప్ ఉంది, ఉచితం. అందులో మీరు వెళ్లే చోటు పెట్టి, ఆ రోజుకు ఏది అమల్లో ఉందో చూడండి. ప్రాంతాన్ని బట్టి, ఏడాదిని బట్టి మారుతుంటాయి కాబట్టి, పోయినేడు స్నేహితుడు చెప్పిన అంకెను నమ్ముకుని వెళ్లకండి.

సాధారణంగా మనిషికి రోజుకు 6. ఉత్తర దీవిలోని హౌరాకీ గల్ఫ్, బే ఆఫ్ ప్లెంటీ వైపు నిల్వలు బాగా పడిపోవడంతో అక్కడ దాన్ని 3కు తగ్గించారు, హౌరాకీ గల్ఫ్ లోపలి భాగంలో 2025 నుంచి వేటే ఆపేశారు. 2018లో ఆ ప్రాంతపు వాణిజ్య వేట పరిమితిని కూడా 200 టన్నుల నుంచి 80 టన్నులకు కోసేశారు. కొన్నిచోట్ల అసలు పట్టకూడదు. కైకోరాలోనే హికురంగీ మెరైన్ రిజర్వ్ ఉంది, దాని హద్దులు మ్యాపులో చూసుకుని వెళ్లండి. ఇంకొక మాట, మన వాళ్లు ఎక్కువగా పొరపడేది ఇక్కడే: పరిమితి నిజంగా వేటాడే మనిషికి. ఒడ్డున చాప వేసుకుని కూర్చున్న అత్తగారిని, పిల్లల్ని లెక్కలో కలుపుకోకూడదు.

పట్టినవాటిని అమ్మకూడదు, దేనికైనా మార్చుకోకూడదు. “పెట్రోలు ఖర్చులు ఇచ్చేయండి” అని వాట్సాప్ గ్రూపులో పెట్టడం కూడా అమ్మకమే. ఇంటికి పిలిచి భోజనం పెట్టండి, దానికి అడ్డు లేదు.

కొనాల్సిన వస్తువుల్లో మొదటిది కొలబద్ద. చేపల సామాన్ల దుకాణంలో కొద్ది డాలర్లకే దొరుకుతుంది. ఇది లేకుండా నీళ్లలో దిగకండి. తర్వాత మందపాటి చేతి తొడుగులు, గోనెసంచి, ఐసు పెట్టె.

బోనుతో పట్టడం

ఈత అంతంతమాత్రంగా వచ్చినవాళ్లకు ఇదే దారి. ఇక్కడ పాట్ అంటారు, ఇనప చట్రానికి వల బిగించిన బోను. పడవ నుంచి వేస్తారు. లైఫ్ జాకెట్ వేసుకోకుండా పడవ ఎక్కకండి. మనిషికి 3 బోన్లు, ఇద్దరో అంతకంటే ఎక్కువమందో ఉన్నా పడవకు 6 మించకూడదు. బోను పైన తేలే బోయా మీద మీ ఇంటిపేరు, పొడి అక్షరాలు చెరగకుండా రాయాలి. బోనుకు తప్పించుకునే సందులు ఉండాలి, పిల్లవి వాటంతటవే బయటికి పోవడానికి. కొన్న బోనుకు అవి ఉన్నాయో లేదో ముందే చూసుకోండి, సొంతంగా కట్టుకుంటే మరచిపోకండి.

ఎరగా చేప తలకాయలు, ముళ్ల గూళ్లు. తాజావి పెట్టండి, కుళ్లినవాటికి ఇవి అంతగా రావు. బోనును రాతి దిబ్బ నెత్తిన కాకుండా, రాయి అయిపోయి ఇసుక మొదలయ్యే అంచున దించండి. క్రేలు పగలు సందుల్లో దాక్కుని రాత్రి మేతకు బయటికి వస్తాయి. అందుకే సాయంత్రం వేసి, తెల్లవారగానే తీయాలి. రోజుల తరబడి వదిలేస్తే ఆక్టోపస్ దూరి లోపలివాటిని తినేస్తుంది, మీకు ఖాళీ పెంకులు మిగులుతాయి. గాలి లేచే సూచన ఉంటే ఆ రోజు బోను వేయకపోవడమే మంచిది. తెగిపోయిన బోను అడుగున పడి ఉండి, ఎవరికీ దక్కని జీవాలను పట్టుకుంటూనే ఉంటుంది.

చేత్తో పట్టడం

నాకు ఇష్టమైనది ఇది. కానీ కైకోరా నీళ్లు నడి వేసవిలో కూడా చల్లన, చలికాలంలో పది డిగ్రీల దగ్గరికి దిగిపోతాయి. మందపాటి వెట్‌సూట్ తప్పనిసరి. ఒంటరిగా దిగకండి. డైవింగ్ జెండా ఎగరేస్తే, దానికి 200 మీటర్ల లోపల పడవలు 5 నాట్ల వేగం దాటకూడదు. ఆ జెండాయే మీ ప్రాణానికి గొడుగు. రాళ్ల మీద ఉన్నప్పుడు సముద్రానికి వీపు తిప్పకండి. ఈ దేశంలో రాళ్ల మీద నుంచి అలకు కొట్టుకుపోయినవాళ్లలో కొత్తగా వలస వచ్చినవాళ్లు తక్కువేమీ కాదు. నెమ్మదిగా ఉన్న సముద్రంలో కూడా ఉన్నట్టుండి ఒక పెద్ద కెరటం లేస్తుంది.

సందులోంచి రెండు మీసాలు బయటికి కనిపిస్తాయి. వాటి కొసలు పట్టుకుంటే మీసం ఊడి చేతిలోకి వస్తుంది, జీవి లోపలికి పోతుంది. చేతిని నెమ్మదిగా పక్కనుంచి తీసుకెళ్లి, మీసాల మొదళ్లు రెండూ కలిపి ఒక్కసారిగా పట్టుకుని రాయికి అదిమి పెట్టండి. వెంటనే లాగకండి. కాళ్లు చాచి రాయికి తన్నిపెట్టి ఉంటుంది, లాగితే కాళ్లు తెగుతాయి. అది తోక కొట్టుకోవడం ఆపేదాకా అలాగే ఉండి, తర్వాత కాస్త అటూ ఇటూ కదిలిస్తూ బయటికి తీయండి. అదే సందులో కాంగర్ ఈల్ కూడా కాపురం ఉండొచ్చు కాబట్టి, చెయ్యి పెట్టే ముందు టార్చి వేసి చూడండి. గాలెం, బల్లెం లాంటివి వాడకండి. పొడిచాక అది ఆడదనో చిన్నదనో తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.

కొలవడం

వీపు పట్టుకుని తిరగేయండి. ముందు ఆడో మగో చూడాలి, కొలత దాన్ని బట్టే. చివరి జత కాళ్ల కొసలు చూడండి. ఆడదానికి అక్కడ చిన్న చిమటా లాంటి పట్టు ఉంటుంది, మగదానికి ఒంటి మొనే. తోక కింద రెక్కలు ఆడదానికి జంటలుగా, వెడల్పాటి ఆకుల్లా ఉంటాయి, మగదానికి ఒక్కొక్కటే. నాలుగైదు చూశాక కన్ను అలవాటు పడుతుంది.

ఇప్పుడు తోక వెడల్పు. తోక రెండో కణుపు దగ్గర రెండు పక్కలా కిందికి దిగిన పెద్ద ముళ్లు ఉంటాయి. ఆ రెండు ముళ్ల మొనల మధ్య తిన్నగా ఉన్న దూరం మగదానికి కనీసం 54 మిల్లీమీటర్లు, ఆడదానికి కనీసం 60. ముల్లు విరిగి ఉన్నా, కొలబద్దకు అంచులో ఉన్నా, అనుమానం జీవికే అనుకూలం: వదిలేయండి.

తోక కింద గుడ్లు ఉంటే కొలవనే అక్కర్లేదు, వెంటనే నీళ్లలోకి. చలికాలమంతా ఆడవి నారింజ రంగు గుడ్ల గుత్తుల్ని అలాగే మోస్తూ తిరుగుతాయి. ఒక్కో తల్లి దగ్గర లక్షల్లో ఉంటాయి. గుడ్లను గీకేసి పట్టుకుపోవడం నేరం, పాపం కూడా అని నేను అంటాను. పెంకు మెత్తగా, నొక్కితే లోపలికి పోయేలా ఉన్నా వదిలేయాలి. అది పాత పెంకు విడిచి కొత్తది గట్టిపడే సమయం. చట్టమూ ఒప్పుకోదు, లోపల కండ కూడా నీళ్లోడుతూ ఉంటుంది.

ఈ కొలతల విషయంలో నేను ఇంతగా పట్టుబట్టడానికి కారణం ఉంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల క్రేలా ఉండదు. గాజు కాగితం కత్తిరించినట్టు పల్చగా, పారదర్శకంగా, సాలీడు కాళ్లతో ఉంటుంది. దాన్ని ఫిల్లోసోమా అంటారు. అది ఒడ్డుకు వందల కిలోమీటర్ల దూరంలో, ఏడాది పైగా, ఒక్కోసారి రెండేళ్ల దాకా నడిసముద్రంలో కొట్టుకుంటూ తిరుగుతుంది. ఆ తర్వాతే బుల్లి క్రే రూపం తీసుకుని, తనంతట తాను ఈదుకుంటూ తీరపు రాళ్లు వెతుక్కుంటూ వస్తుంది. లక్షల్లో ఏ కొన్నో ఆ రాళ్లు చేరతాయి. అలా చేరినది మీ కొలబద్దకు సరిపడా పెరగడానికి ఇంకా ఎన్నో ఏళ్లు పడుతుంది. 53 మిల్లీమీటర్ల మగదాన్ని చేత్తో పట్టుకున్నప్పుడు ఇదంతా ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.

కైకోరా రాళ్లకు ఇంకో కథ కూడా ఉంది. 2016 నవంబరు 14 అర్ధరాత్రి దాటాక 7.8 తీవ్రతతో వచ్చిన భూకంపంలో ఇక్కడి సముద్రపు అడుగు చాలాచోట్ల పైకి లేచింది, కొన్నిచోట్ల మీటర్ల కొద్దీ. రాత్రికి రాత్రే రాతి దిబ్బలు, నాచు, పావా గుల్లలు, క్రేలు నీళ్ల బయటికి తేలాయి. ఊరివాళ్లు బకెట్లతో మోసి మళ్లీ నీళ్లలో వదిలారు. అలా నిలబెట్టుకున్న తీరం ఇది.

వదిలేటప్పుడు పడవ మీద నుంచి విసరకండి. పట్టిన చోటే, నీటి దగ్గరికి వంగి నెమ్మదిగా జార్చండి. ఎక్కడో ఇసుక మీద పడితే, దాక్కునేందుకు సందు దొరికేలోపే చేపలకు ఆహారమవుతుంది.

ఉంచుకునేవాటి విషయంలో నా పద్ధతి ఒకటి చెప్తాను, ఇది చట్టం కాదు. బాగా పెద్ద ఆడది దొరికితే, గుడ్లు లేకపోయినా వదిలేస్తాను. పెద్ద తల్లి పెట్టే గుడ్లు చిన్నదాని కన్నా ఎన్నో రెట్లు. పెద్ద క్రేలకు మరో పని కూడా ఉంది. కీనా అనే సముద్రపు ముళ్ల జీవిని అవి తింటాయి. అవి లేనిచోట కీనా పెరిగిపోయి కెల్ప్‌ను మొదలంటా నమిలేస్తుంది, రాయి బోడిగా మిగులుతుంది. ఆక్లాండ్‌కు ఉత్తరాన లీ దగ్గర 1975లో వేట ఆపేశాక, పెద్ద క్రేలు, స్నాపర్ చేపలు పెరిగి, కీనా తగ్గి, నాచు అడవి మళ్లీ లేచింది. పట్టడానికి వెళ్లే ముందు ఒకసారి అలాంటిచోట ఊపిరి గొట్టం (స్నార్కెల్) పెట్టుకుని చూసి రండి. పిల్లల్ని కూడా తీసుకెళ్లండి.

కొన్ని ప్రాంతాల్లో ఉంచుకున్న ప్రతిదానికీ తోక విసనకర్ర మధ్య రేకు చివరి మూడో వంతును అక్కడికక్కడే కత్తెరతో కత్తిరించాలి. ఇది అమ్మకానికి వచ్చిన సరుకు కాదని గుర్తు. కత్తెర వెంట ఉంచుకోండి.

ఇంటికి తేవడం

సముద్రపు నీటిలో తడిపిన గోనెసంచిలో, నీడలో, చల్లగా ఉంచితే గంటల తరబడి బతికి ఉంటుంది. మంచినీళ్లలో మాత్రం వేయకండి, చచ్చిపోతుంది. బకెట్లో నీళ్లు పోసి మూత పెట్టినా అందులోని గాలి అయిపోయి చస్తుంది. చచ్చాక దాని కాలేయంలోని రసాలే కండను కరిగించి మెత్తగా పిండి చేసేస్తాయి. దారిలో ఎప్పుడో చచ్చిందని ఇంటికొచ్చాక తెలిస్తే, ఎంత మనసొప్పకపోయినా తినకండి.

బాధ లేకుండా చంపడం

బతికున్నదాన్ని సలసల కాగే నీళ్లలో వేయకండి. ఈ దేశంలో వ్యాపారం కోసం చంపేవాళ్లు ముందు దానికి స్పృహ లేకుండా చేయాలని చట్టమే ఉంది. ఇంట్లో మనం అంతకన్నా తక్కువ చేయడం న్యాయం కాదు. ఐసు పెట్టెలో మూడు వంతుల ఐసు, ఒక వంతు సముద్రపు నీళ్లు కలిపి అందులో ముంచండి. ఇది చల్లటి నీళ్ల జీవి, చలికి ఓర్చుకుంటుంది, అందుకని తొందరపడకండి. కనీసం ఇరవై నిమిషాలు, పెద్దదైతే ఇంకా ఎక్కువ. కంటిని, మీసాన్ని ముట్టుకున్నా ఏ కదలికా లేనప్పుడు బయటికి తీయండి.

దీనికి మెదడు ఒక్కచోటే ఉండదు, పొట్ట కింద నిలువునా నరాల ముడులు వరుసగా ఉంటాయి. తలలో ఒక్క పోటు సరిపోదు. వెల్లకిలా పడుకోబెట్టి, బరువైన పదునైన కత్తితో నడిమధ్యన నిలువుగా, ముందు తల వైపు, వెంటనే తోక వైపు దించేయాలి. పది సెకన్లలో అయిపోవాలి. చెయ్యి వణుకుతుందనుకుంటే ఆ పని తెలిసినవాళ్లతో చేయించండి.

శుభ్రం చేయడం

నిలువునా చీల్చాక తోక భాగాన్ని మెలితిప్పి తల నుంచి విడదీయండి. తోకలో నల్లటి పేగు కనిపిస్తుంది, తీసేయండి. తోకను చీల్చకుండా నిండుగా ఉంచుకోవాలంటే, తల భాగం వరకే చీల్చి, ఇక్కడివాళ్ల చిట్కా వాడండి: ఒక మీసాన్ని విరిచి, దాని లావు కొసను తోక చివరి రంధ్రంలోంచి లోపలికి పోనిచ్చి తిప్పి లాగితే, మీసానికి ఉన్న ముళ్లకు పట్టుకుని పేగు మొత్తం వస్తుంది.

తలలో పసుప్పచ్చటి మెత్తని ముద్ద ఉంటుంది. కొందరు ఇష్టంగా తింటారు, నేను పారేయమనే చెప్తాను. సముద్రంలో విషపు నాచు పెరిగిన రోజుల్లో ఆ విషం చేరేది అక్కడే. వండకముందే తీసేయాలి, లేకపోతే ఉడికేటప్పుడు కండలోకి దిగుతుంది. దాంతోపాటు కళ్ల వెనక ఉండే కడుపు సంచి, పక్కల మొప్పలు తీసేసి తల డొప్పను కడగండి. కాళ్లు పారేయకండి. ఉడికించాక చపాతీ కర్రతో కణుపు నుంచి కొసకు ఒత్తితే కండ పేనా ములుకులా బయటికి వస్తుంది. పిల్లలు పోటీపడి చేసే పని ఇది.

వండడం

మొదటిసారి అయితే మసాలా జోలికి పోకండి. సముద్రపు నీళ్లంత ఉప్పగా నీళ్లు మరిగించి, ముప్పావు కిలో క్రేను పది నిమిషాల లోపు ఉడికించి, కరిగించిన నెయ్యి, దంచిన మిరియాలు, నిమ్మరసంతో తినండి. దాని తీపి మీకు తెలియాలి. తెలిశాక మన ఇగురు చేసినా ఆ తీపిని పాడుచేయరు.

ఇగురుకు నా పద్ధతిలో రసం ఒకటి, ముక్క ఒకటి, రెండూ వేర్వేరుగా. రెండు క్రేల తల డొప్పలు, కాళ్లు కొంచెం నూనెలో ఎర్రగా వేయించి, మునిగేలా నీళ్లు పోసి అరగంట మరిగించి వడకట్టండి. కాళ్లలోని కండ తీసి పక్కన పెట్టండి. తోక కండను పచ్చిగానే పెంకులోంచి తీసి, పెద్ద ముక్కలు కోసి, ఉప్పు, పసుపు, చిటికెడు కారం పట్టించండి.

మూకుడులో నూనె వేసి, రెండు పెద్ద ఉల్లిపాయలు సన్నగా తరిగి బంగారు రంగు వచ్చేదాకా ఓపిగ్గా వేయించండి. నాలుగు పచ్చిమిరపకాయలు, రెండు రెబ్బల కరివేపాకు, చెంచాడు అల్లం వెల్లుల్లి ముద్ద, పచ్చివాసన పోయాక చెంచాడు కారం, చెంచాడు ధనియాల పొడి. గరం మసాలా వద్దు, ఇది కోడికూర కాదు. ఇప్పుడు వడకట్టిన రసం పోసి, నూనె తేలి, కూర దగ్గరపడేదాకా మరగనివ్వండి. క్రే రుచి అంతా ఆ ఇగురులోకి వచ్చేస్తుంది. చివర్లో తోక ముక్కలు వేసి, మూత పెట్టి, సన్నని సెగ మీద నాలుగైదు నిమిషాలు. ముక్క గాజులా ఉన్నది పోయి తెల్లగా ముదిరితే చాలు, పొయ్యి ఆపండి. అంతకు మించితే రబ్బరవుతుంది. కాళ్ల కండ, కొత్తిమీర, నిమ్మరసం దించాక కలపండి.

రొయ్యలు, పీతలు పడనివాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లకు ఇదీ పడదు, ముందే అడగండి. మిగతావాళ్లకు వేడి అన్నం, ముద్దపప్పు పక్కన పెట్టండి. రెండు క్రేలతో నలుగురు కడుపునిండా తింటారు. యాప్‌లో ఆరు అని ఉన్నా, రెండు దొరికాక నేను బోను ఎత్తేసి ఇంటికి వచ్చేస్తాను.